గోపాలపూర్‌లో ఎక్కడ తిందాం?

మన విభాగం విహారయాత్ర ఈసారి కూడా గోపాలపూర్‌కే అని తేలిపోయింది. శనివారం మధ్యాహ్నం బయల్దేరడం, ఆదివారం రాత్రికి తిరిగి రావడం. బస్సు, గదులు మేడమ్‌లు చూసుకుంటారు. మనకి మిగిలిన పెద్ద ప్రశ్న ఒక్కటే: ఎక్కడ తినడం? రెండు వారాలుగా వరండాలో, క్యాంటీన్‌లో, హాస్టల్ మెట్ల మీద ఇదే గొడవ. సముద్రం గురించి ఒక్కరూ మాట్లాడటం లేదు. తిండిపోతుల గొడవ అని నవ్వి ఊరుకునే విషయం కాదు ఇది అని నా అభిప్రాయం. ఎందుకో చెప్తాను, ఓపిగ్గా చదవండి.

బరంపురం నుంచి గోపాలపూర్ సుమారు 16 కిలోమీటర్లు. ఊళ్ళో వాళ్ళకి అది ఆదివారం సాయంత్రం షికారు. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ నుంచి వచ్చి హాస్టల్లో ఉండే వాళ్ళకి మాత్రం సముద్రం అంటే ఏడాదికి ఒకసారి. వాళ్ళకి ఆ రెండు రోజులూ బాగుండాలి. బాగుండటంలో సగం తిండే కదా!

ఇప్పుడు మనలో మూడు పార్టీలున్నాయి. మొదటిది, "మంచి హోటల్లో ఏసీలో కూర్చుని తిందాం" పార్టీ. రెండోది, "ఇంటినుంచి పులిహోర కట్టుకుపోదాం" పార్టీ. మూడోది, "ఒడ్డున చేపల వేపుడు తినకపోతే గోపాలపూర్ వెళ్ళి ఏం లాభం" పార్టీ. నేను మూడో పార్టీ మనిషిని. అయినా మిగతా రెండు పార్టీల మాటా వినే రాస్తున్నాను.

ముందు హోటల్ సంగతి. గోపాలపూర్‌లో పెద్ద హోటల్ అంటే అందరికీ గుర్తొచ్చేది పామ్ బీచ్. 1914లో ఇటలీ నుంచి వచ్చిన ఒకాయన కట్టించాడు. తర్వాత ఒబెరాయ్ వాళ్ళ చేతికి వచ్చింది, ఇప్పుడు మేఫెయిర్ వాళ్ళది. రంగూన్‌కి ఓడలు వెళ్ళిన రేవు ఇది. మన గంజాం జిల్లా కూలీలు, వ్యాపారులు ఇక్కడే ఓడెక్కి బర్మా వెళ్ళేవారు. ఆ కాలం గుర్తుగా ఆ హోటల్ని బయటినుంచైనా చూడాల్సిందే. కానీ ఇరవైమంది డిగ్రీ పిల్లలు భోజనం చేసే చోటు అది కాదు. ఒక లెక్క గుర్తుపెట్టుకోండి. గది అద్దె రోజుకి 7,500 రూపాయలు దాటే హోటళ్ళలో భోజనం మీద జీఎస్‌టీ 18 శాతం. మామూలు హోటల్లో 5 శాతమే. "సర్వీస్ చార్జి" అని వేరే గీత వేస్తే అది ఇచ్చి తీరాలని లేదు. ఇష్టముంటేనే ఇవ్వాలని వినియోగదారుల రక్షణ సంస్థ 2022లోనే చెప్పింది. బిల్లు వచ్చాక మొహాలు చూసుకునే బదులు మెనూ కార్డు చేతిలోకి వచ్చినప్పుడే ఇవి అడగాలి.

కిందటేడాది మేం తిన్నది అంత పెద్ద చోటు కాదు. పేరెందుకులెండి. ఏసీ ఉంది, అద్దాల్లోంచి సముద్రం కనిపిస్తుంది. కార్డు తెరవగానే మా బల్ల దగ్గర ఒకమ్మాయి "నాకు కడుపు బాగోలేదే, పెరుగన్నం చాలు" అంది. ఇంకో ఇద్దరు "ఆకలి లేదు, ఇద్దరం కలిపి ఒకటి తింటాం" అన్నారు. ముగ్గురికీ ఒకేరోజు కడుపు ఎందుకు చెడిపోయిందో మనందరికీ తెలుసు. చివరికి బిల్లు తలకింత అని సమానంగా పంచారు. పెరుగన్నం తిన్న పిల్ల కూడా రొయ్యలు తిన్న వాళ్ళంత కట్టింది. ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. కానీ సాయంత్రం ఆ పిల్ల ఒడ్డున పల్లీలు కూడా కొనుక్కోలేదు. చూసిన దాన్ని కాబట్టి చెప్తున్నాను.

అందుకే నా మొదటి సూచన ఇది. ఎక్కడ తినాలో తేల్చేముందు ఎంతలో తినాలో తేలాలి. అదికూడా నలుగురిలో చేతులెత్తించి కాదు. అలా అడిగితే అందరం "పర్లేదు, పర్లేదు" అనే అంటాం. ఒక్కొక్కరం ఒక చిన్న చీటీ మీద, పేరు రాయకుండా, రెండు రోజుల తిండికి ఎంత పెట్టగలమో రాసి డబ్బాలో వేద్దాం. అందులో అన్నిటికన్నా తక్కువ ఏదుంటే అదే అందరి లెక్క. ఎక్కువ పెట్టగలిగే వాళ్ళకి కొంచెం నిరాశగా ఉండొచ్చు. వాళ్ళు ఇంకోసారి ఇంట్లో వాళ్ళతో వెళ్ళి తినొచ్చు. తక్కువ రాసిన పిల్లకి ఇంకోసారి ఉంటుందని చెప్పలేం.

ఇక పులిహోర పార్టీ. వీళ్ళ మాటలో న్యాయం ఉంది. చింతపండు, నూనె బాగా పట్టిన పులిహోర పొద్దున్న కలిపితే సాయంత్రం దాకా ఉంటుంది. ఖర్చు తక్కువ, కడుపుకి భయం లేదు. (కొబ్బరి పచ్చడి మాత్రం తేకండి తల్లీ, మధ్యాహ్నానికే పాడవుతుంది.) కానీ రెండు మాటలు. ఒకటి, హాస్టల్ పిల్లలకి డబ్బా కట్టిచ్చే అమ్మ ఇక్కడ లేదు. ఊళ్ళో వాళ్ళం డబ్బాలు విప్పితే వాళ్ళు "ఒక ముద్ద పెట్టవే" అని అడిగి తినాలి. రెండు, మన సరదాకి అమ్మ తెల్లవారుజామున నాలుగింటికి లేచి అంతమందికి పులిహోర కలపాలి. అమ్మకి ఆ యాత్రలో సీటు లేదు, పని మాత్రం ఉంది. నా సూచన: శనివారం దారిలో తినడానికి ఒక్క పూటకి ఎవరికి వీలైతే వాళ్ళు తేవడం, అది అందరిదీ అనుకోవడం. మిగతా పూటలకి వంట ఎవరి అమ్మా చెయ్యక్కర్లేదు. బరంపురం అప్పడాలకీ ఊరగాయలకీ పేరున్న ఊరు. ఒక అప్పడాల కట్ట, ఒక ఆవకాయ సీసా పట్టుకెళ్తే ఏ అన్నమైనా ఇంటన్నం అయిపోతుంది.

ఆదివారం పొద్దున్న టిఫిన్‌కి గొడవే అక్కర్లేదు. బస్సు స్టాండు దగ్గర చిన్న టిఫిన్ దుకాణాల్లో వేడివేడిగా దొరికేది తిందాం: ఇడ్లీ, ఉప్మా, పూరీ, మనం గారె అనేదీ వాళ్ళు బరా అనేదీ. పైన ఘుగుని. విజయనగరం నుంచి వచ్చిన మా చుట్టాలు ఉప్మా మీద బఠాణీ కూర వేసుకోవడం చూసి నోరు వెళ్ళబెట్టారు. "ఇదేం తిండర్రా" అంటూనే రెండోసారి వేయించుకున్నారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా మన ఊరు మద్రాసు రాజధానిలో ఉండేది. ఆ రెండు వైపులా ఒకే పళ్ళెంలో కనపడేది మన టిఫిన్‌లోనే. ఇది దేశంలో ఎక్కడా లేదని గొప్పలు పోవడం లేదు, మనది అని మాత్రం అంటున్నాను.

మధ్యాహ్నం భోజనం దగ్గర మాత్రం నేను కొంచెం కచ్చితంగా మాట్లాడతాను. ఆ పూట హోటల్ ఎంచుకోవడానికి మొదటి కొలత రుచి కాదు, మరుగుదొడ్డి. నవ్వకండి. ఒడ్డున దుకాణాలకి అవి ఉండవు. అందుకని పొద్దున్నుంచీ నీళ్ళు తాగకుండా ఎండలో తిరిగి, సాయంత్రానికి తలనొప్పితో కూర్చునే వాళ్ళు మనలో ఎంతమందో లెక్కపెట్టండి. మగపిల్లల కాలేజీ యాత్రలో ఈ సమస్య ఎవరికీ గుర్తుకూడా రాదు. కాబట్టి మధ్యాహ్నం తినే చోట నీళ్ళు వచ్చే, లోపల గడియ పడే మరుగుదొడ్డి ఉండాలి. చేతులు కడుక్కోడానికి కుళాయి ఉండాలి. ఇరవైమంది ఒకచోట కూర్చునేలా ఉండాలి. శాకాహారం తినే వాళ్ళూ చేప తినే వాళ్ళూ వేరేవేరే హోటళ్ళకి విడిపోకుండా రెండూ దొరకాలి. బీచ్ రోడ్డు వెనక సందుల్లో గదులు అద్దెకిచ్చే మధ్యరకం హోటళ్ళలో ఇవి దొరుకుతాయి. ఇద్దరు ముందురోజే వెళ్ళి చూసి, "రేపు ఇంతమందిమి వస్తాం" అని చెప్పి, తలకెంతో మాట్లాడుకుని రావాలి. అన్నం, దాల్మా, శాగ, టమాటా ఖటా, అప్పడం. చేప తినేవాళ్ళకి ఒక చేపల కూర. ఆవముద్ద వేసిన బెసర ఒకసారి రుచి చూడండి. మన చింతపండు పులుసుకి అలవాటుపడ్డ నాలుకకి మొదట చిత్రంగా ఉంటుంది, రెండో ముద్దకి సర్దుకుంటుంది.

ఇప్పుడు అసలు గొడవ, సాయంత్రం ఒడ్డున చేపలు.

"ఛీ, అక్కడా! ఆ నూనె, ఆ ఇసక, ఆ కంపు" అని కిందటేడాది మన గుంపులోంచే వినిపించింది. అప్పుడు మా ముందు మూకుడు పెట్టుకుని ఒకావిడ రొయ్యలు వేపుతోంది. మాతో ఉన్న ఒకమ్మాయి గభాల్న తల తిప్పేసుకుని లైట్‌హౌస్ వైపు నడిచి వెళ్ళిపోయింది. కంపు పడక వెళ్ళిందనుకున్నాం. రెండు వారాల తర్వాత నాతో చెప్పింది, ఆ వేపుతున్నావిడ తన మేనత్త అని. ఆ అమ్మాయిని అడిగి, రాయమంటేనే ఇది రాస్తున్నాను. పేరు రాయను, మీరూ వెతక్కండి.

గోపాలపూర్ ఒడ్డున ఉన్న వేటగాళ్ళు ఎక్కువమంది వాడబలిజలు, జాలారులు. వాళ్ళ ఇంటి భాష తెలుగు. ఒడియాలో వాళ్ళని నోళియా అంటారు. మనలో కొందరి ఇళ్ళలో కూడా "వాళ్ళు తెలుగువాళ్ళు కాదు, నోళియాలు" అనే మాట ఉంది. ఇదెంత అన్యాయమో చూడండి. వాళ్ళ పిల్లలు బళ్ళో ఒడియాలో చదువుకుంటారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు. తెలుగు అక్షరం నేర్పే బడి లేకపోయినా తెలుగు పోనివ్వలేదు. మనం తెలుగు మెయిన్ సబ్జెక్టుగా తీసుకుని, క్యాంటీన్‌లో సమోసా మాత్రం ఒడియాలో అడుగుతాం. ఇద్దరిలో భాషని ఎవరు కాపాడుతున్నట్టు?

ఇంకో మాట. ఆ సముద్రంలో ఒడ్డు దగ్గరే లోపలికి లాగే ప్రవాహాలుంటాయి. స్నానానికి దిగిన వాళ్ళని కాపాడేది ఈ నోళియాలే. మునిగేటప్పుడు వాళ్ళ చెయ్యి కావాలి, ఆ చేత్తో వేపిన చేప మాత్రం కంపు! 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. అంత గాలిలో తెప్పలూ వలలూ పోయినా, మళ్ళీ అదే ఒడ్డుకి వచ్చి మూకుడు పెట్టుకున్న వాళ్ళు వీళ్ళు. మనం ఇచ్చే డబ్బు నేరుగా ఆ ఇంటి ఆడవాళ్ళ చేతికి వెళ్తుంది. మగవాళ్ళు వేటకెళ్తే అమ్మకం, ఎండబెట్టడం, ఇల్లు గడపడం ఆడవాళ్ళ పనే కదా.

అంతమాత్రాన శుభ్రత సంగతి పట్టించుకోవద్దని నేననను. జాలిపడి ఏదో ఒకటి తినేసి కడుపు నొప్పి తెచ్చుకోమని ఎవరూ అడగలేదు. అడిగి, చూసి తినాలి. మా ఇంట్లో చేప కొనేటప్పుడు మా నాయనమ్మ చూసే పద్ధతే ఇక్కడా చాలు:

ఎర్రగా మసాలా పట్టించి పేర్చినవి కాకుండా, పచ్చి చేప చూపించమనండి. కన్ను తేటగా ఉండాలి, మొప్ప ఎర్రగా ఉండాలి, వేలితో నొక్కితే కండ మళ్ళీ పైకి రావాలి. మసాలా రంగు కింద చేప వయసు తెలీదు.

చేప ఐసులో ఉందో ఎండలో ఉందో చూడండి. కానాగంతల్లాంటి చేపలు ఎండలో పడి ఉంటే వాటిలో హిస్టమిన్ అనే పదార్థం పెరుగుతుంది. ఎంత వేపినా అది పోదు. తిన్న కాసేపటికే మొహం ఎర్రబడటం, దద్దుర్లు, తలనొప్పి వస్తాయి.

నూనె నల్లగా చిక్కబడి, నురగ కక్కుతూ, ఘాటుగా పొగ వస్తుంటే ఆ మూకుడు వదిలేసి పక్క మూకుడికి వెళ్ళండి. ఒకసారి వేపి పక్కన పెట్టినది మళ్ళీ వేడిచేసి ఇస్తే వద్దనండి. మన కళ్ళముందు వేగి, వేడిగా చేతికొచ్చినదే తినండి.

ధర ముందే అడగండి. ముక్కకా, చేపకా, పళ్ళేనికా అన్నది తేల్చుకోండి. పర్యాటకుల చోటు కదా, చందువకీ కోనాంకీ ఒక ధర, చిన్న చేపలకి ఒక ధర ఉంటుంది. చవగ్గా రుచిగా తినాలంటే నెత్తళ్ళు, కవళ్ళు అడగండి. అడగడం వేరు, పది రూపాయల కోసం అరగంట గీచిగీచి బేరమాడటం వేరు.

తెలుగులో అడగండి. ఇది ముఖ్యం. "అప్పా, ఇవాళ్టి చేపేనా?" అంటే వచ్చే జవాబు, హిందీలో అడిగితే వచ్చే జవాబు ఒకటి కాదు. పొద్దున వేటలో వచ్చిందా, బజారునుంచి ఐసులో వచ్చిందా, చిలికా సరస్సు రొయ్యా సముద్రపు రొయ్యా, అన్నీ చెప్తారు. వాళ్ళు "వేట" అంటే సముద్రం మీదికెళ్ళడం, అడవికెళ్ళడం కాదు. మాండలికాల పాఠంలో మనం బట్టీపట్టే మాటలు అక్కడ మూకుడు పక్కన ఊరికే దొరుకుతాయి.

ఒక జాగ్రత్త. మన తరగతిలో ఆ వాడలనుంచి వచ్చే అమ్మాయిలున్నారు కదా అని "మీ వాళ్ళ దుకాణానికి తీసుకెళ్ళవే, తక్కువకి ఇప్పించవే" అని వాళ్ళని పట్టుకోవద్దు. వాళ్ళూ మనలాగే యాత్రకి వస్తున్నారు, మనకి ఆతిథ్యం ఇవ్వడానికి కాదు. వాళ్ళంతట వాళ్ళు "మా అత్త దగ్గరికి వెళ్దాం" అంటే అందరం వెళ్దాం, అడిగినంత ఇచ్చి తిందాం.

చేప తినని వాళ్ళు కూడా ఆ సాయంత్రం విడిగా కూర్చోనక్కర్లేదు. గుప్‌చుప్, ముఢీ, కాల్చిన మొక్కజొన్న పొత్తు అన్నీ ఆ వరసలోనే ఉంటాయి. పళ్ళేలు ప్లాస్టిక్‌వి అయితే ఆకు దొన్నెలు అడుగుదాం, లేదంటే మనమే నాలుగు కట్టలు పట్టుకెళ్దాం. గుడ్లు పెట్టడానికి తాబేళ్ళు గుంపులుగా వచ్చే ఋషికుల్య నదీముఖం కూడా ఈ తీరంలోనే ఉంది. మనం ఇసకలో వదిలే సంచి ఎటుపోతుందో ఆలోచించండి. చీకటి బాగా పడకముందే అందరం ఒక గుంపుగా లేచి గదులకి రావాలి. మేడమ్‌ల తరఫున ఆ మాట నేనే చెప్పేస్తున్నాను.

చివరిగా తేదీ. కార్తీకంలో వద్దు. ఒడియా ఇళ్ళలో పౌర్ణమి దాకా చేప ముట్టరు. ఆఖరి ఐదు రోజుల పంచుకలో కొంగ కూడా చేప తినదని సామెత. పౌర్ణమి మర్నాడు ఛాడఖాయి, ఆరోజు ఊరంతా చేపల బజారు మీద పడుతుంది, ధర ఆకాశంలో ఉంటుంది. మన తెలుగు ఇళ్ళలో కార్తీకం అమావాస్య దాకా నడుస్తుంది. కాబట్టి పోలి స్వర్గం అయ్యాక వచ్చే శని, ఆదివారాలైతే ఎవరి నియమానికీ ఇబ్బంది ఉండదు. వేసవికి వాయిదా వేద్దామనే వాళ్ళకి ఒక్క మాట: ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట నిషేధం. అప్పుడు వెళ్తే దొరికే రకాలు తక్కువ.

నేను చెప్పేది ఇంతే. పొద్దున్న బస్సు స్టాండు టిఫిన్, మధ్యాహ్నం మరుగుదొడ్డి ఉన్న హోటల్లో అన్నం, సాయంత్రం ఒడ్డున మన భాష మాట్లాడే చేతి చేప. అన్నిటికన్నా ముందు చీటీల డబ్బా. విభాగం గదిలో సుద్దముక్కలు పెట్టే రేకు డబ్బా ఖాళీచేసి బీరువా మీద పెట్టాను. శుక్రవారం దాకా అక్కడే ఉంటుంది. ఈ అభిప్రాయం నచ్చని వాళ్ళకోసం ఈ కాగితం పక్కన కావాలనే జానెడు చోటు వదిలాను. పెన్సిల్‌తో కాదు, పెన్నుతో రాయండి.